వాక్కాయకు ఇక్కడో చెల్లెలు

పోయినేడు అక్టోబరులో అమ్మ వచ్చిన మూడో రోజు, బజారు నుంచి తెచ్చిన క్రాన్‌బెర్రీ అనే చిన్న ఎర్ర కాయల సంచి విప్పి, ఒక కాయను చాకుతో అడ్డంగా కోసింది. లోపల నాలుగు ఖాళీ గదులు, వాటిలో నలుసుల్లాంటి గింజలు. సగం ముక్క నోట్లో వేసుకుని కళ్లు గట్టిగా మూసుకుంది. "ఇది మన వాక్కాయకు చెల్లెలే కదే! పాలు కారట్లేదు, అంతే తేడా" అంది.

మేముండేది విస్కాన్సిన్‌లో. అమెరికాలో పండే క్రాన్‌బెర్రీలో సగానికి పైగా ఈ రాష్ట్రానిదే. పదకొండేళ్లుగా ఏటా ఆ ఎర్ర సంచుల పక్క నుంచే నడిచి వెళ్తున్నాను. వానాకాలమంతా వాక్కాయ పప్పు తిని పెరిగినదాన్ని, అయినా నాకు తట్టలేదు. టర్కీ కోడి మాంసం పక్కన పెట్టే తీపి సాస్‌గానే దాన్ని చూడటం అలవాటైపోయింది.

ఇక్కడి మన తెలుగు సంఘంలో వంటల పోటీ ప్రకటించగానే అందరం అడిగే ప్రశ్న ఒకటే: ఈసారి కొత్తగా ఏం చేద్దాం? వెంటనే రెండు పేర్లు కలిపేస్తాం. గోంగూర పాస్తా, ఆవకాయ పిజ్జా. వాటి వెనక కష్టం ఉంది, కాదనను. కానీ పోటీ అయిన మర్నాడు వాటిని మళ్లీ వండుకున్న ఇల్లు నాకు కనపడలేదు. కొత్త వంట పుట్టేది చుట్టరికం పట్టుకున్నప్పుడని నా నమ్మకం. తెలియని కాయ చేతికొస్తే, ఇది మనకేమవుతుంది అని అడగాలి.

మన పెద్దలు చేసింది అదే. టమాటా సముద్రాలు దాటి వచ్చినప్పుడు దానికి మనవాళ్లు పెట్టుకున్న పేరు రామములక్కాయ. మా అమ్మమ్మ చివరిదాకా అలాగే అంది. ములక అంటే వంకాయ జాతి మొక్క. టమాటా కూడా ఆ కుటుంబానిదేనని వృక్షశాస్త్రం చెబుతుంది. మనవాళ్లు ఆకు, పువ్వు చూసే కనిపెట్టి ఉంటారు. మెక్సికో వైపు నుంచి వచ్చిన సీమచింత కథా ఇంతే. పేరులోనే పరాయిదన్న గుర్తు ఉంది, చుట్టరికమూ ఉంది. బంధువని తెలిశాక ఎలా వండాలో చేతికి తెలిసిపోతుంది. బెంగళూరులో రవ్వ ఇడ్లీ కూడా రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బియ్యం దొరక్క పుట్టిందని అక్కడి ఎంటీఆర్ హోటల్ వాళ్లు చెబుతారు. ఇడ్లీ పాత్ర అదే, ఆవిరి అదే, బియ్యం చోటికి రవ్వ వచ్చింది.

మా క్రాన్‌బెర్రీ పచ్చడి మొదటిసారి నేనే పాడుచేశాను. కాయలు బాగా మగ్గాలని మూతపెట్టి వదిలేస్తే, చల్లారేసరికి గరిటె నిలబడేంత ముద్దయింది. వాటిలో పెక్టిన్ ఎక్కువ, జామ్ గట్టిపడేది దానివల్లే. రెండోసారి అమ్మ పొయ్యి దగ్గర నిలబడింది. 340 గ్రాముల సంచికి పది ఎండుమిరపకాయలు, అర చెంచా మెంతులు, ఆవాలు, మినప్పప్పు, ఇంగువ వేయించి ముందే పొడి కొట్టింది. తర్వాత చెంచాడు నూనెలో కాయలు, పసుపు వేసింది. టప్ టప్‌మని పగలడం మొదలైంది. "సగం పగిలాయి, ఇక దించెయ్. మిగతావి ఆ వేడికే మగ్గుతాయి." ఉప్పు, నిమ్మకాయంత బెల్లం, మిక్సీలో రెండే రెండు తిప్పులు. చింతపండు అక్కర్లేదు. వేడన్నంలో నెయ్యి వేసి కలిపితే ముద్ద గులాబీ రంగుకు తిరిగింది. మా చిన్నది, పచ్చడి అంటే పారిపోయేది, మళ్లీ పెట్టమంది.

ఆ తర్వాత నా కళ్లు మారాయి. బుల్లి క్యాబేజీల్లా ఉండే బ్రసెల్స్ స్ప్రౌట్స్ క్యాబేజీకి చుట్టం, క్యాబేజీ ఆవాలకు చుట్టం. అందుకే సన్నగా తరిగి, పనసపొట్టుకు పెట్టినట్టే ఆవ పెట్టాను. నానబెట్టి నూరిన ఆవ ముద్దను కూర దించి చల్లారాకే కలపాలి. పొయ్యి మీదుండగా కలిపితే ఘాటు పోతుంది. ఇప్పుడది మా ఇంట్లో వారం వారం ఉండే కూర.

సీసాల్లో పెట్టి అమ్ముదామనుకునే చెల్లెళ్లకు ఒక్క మాట, ఇది కాస్త గట్టిగానే చెబుతాను. ఊరగాయ నిలవుండేది ఉప్పు, పులుపు బలం మీద. ఆరోగ్యం పేరుతో ఉప్పు తగ్గిస్తే కథ మారిపోతుంది. బొటులిజం అనే ప్రాణాంతక ఆహార విషం తెచ్చే క్రిమి పెరగకూడదంటే, పులుపును కొలిచే పీహెచ్ అంకె 4.6 గానీ అంతకంటే తక్కువ గానీ ఉండాలి; అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువని అర్థం. నూనెలో పచ్చి వెల్లుల్లి వేసి బయట ఉంచడం ప్రమాదం. పులుపు తక్కువైన బీరపొట్టు, కొబ్బరి పచ్చళ్లు ఫ్రిజ్‌లోనే ఉండాలి. ఇంట్లో వండి అమ్మే నిబంధనలు రాష్ట్రానికో రకంగా ఉంటాయి, చూసుకుని మొదలుపెట్టండి.

కార్యవర్గానికి నా విన్నపం: వచ్చే పోటీలో ఒక విభాగం ఈ నేలలో పండిన కాయకో కూరకో ఇవ్వండి. వంట పద్ధతి మాత్రం మనది కావాలి: పులుసు పెట్టడం, ఆవ పెట్టడం, రోట్లో నూరడం, ఏదైనా సరే. న్యాయనిర్ణేతలుగా, ఆరు నెలలకని పిల్లల దగ్గరికొచ్చి పగలంతా ఒంటరిగా ఉండే అమ్మల్ని, అత్తమ్మల్ని కూర్చోబెట్టండి. ఇది మనకేమవుతుందో చెప్పగలిగింది వాళ్లే. ఆ మాటలు ఈ పత్రికలో రాసి పెడదాం.

అమ్మ ఏప్రిల్‌లో తిరిగి ఊరికి వెళ్లిపోయింది. మేలో మా పక్కింటావిడ పెరట్లో రబర్బ్ అనే మొక్క నుంచి కోసి నాలుగు కాడలిచ్చింది. ఆకులు విషమని, అవి కోసేసి ఎర్రటి కాడలే ఇచ్చింది. వీడియోలో అమ్మకు చూపించి, చిన్న ముక్క కొరికాను.

"పులుపు ఎలా ఉంది? చింతచిగురులానా, చుక్కకూరలానా?"

"చుక్కకూరలా ఉందమ్మా."

"అయితే పప్పులో వేసెయ్."

తర్వాత చూశాను. రబర్బ్, చుక్కకూర ఒకే కుటుంబంలోవి.