మొక్కలు సరే, దుమ్ము సంగతేంటి?

పరిశ్రమల ఉద్యోగులు సెలవు రోజున ఊళ్లలో మొక్కలు నాటుతున్నారని ఒక వ్యాసంలో మెచ్చుకున్నారు. నాకూ సంతోషమే. మా ఊరి పక్క సిమెంట్ ఫ్యాక్టరీ వాళ్లూ అలాగే వచ్చారు, బడికి బెంచీలిచ్చారు. కానీ ప్రజాభిప్రాయ సేకరణలో అధికారుల ముందు మైకులో ఒప్పుకున్న మాట, లారీల రోడ్డు మీద రోజూ నీళ్లు చల్లుతామన్నది, నాలుగు నెలలు కూడా నిలవలేదు. మా అమ్మ ఇప్పటికీ తలుపులు వేశాకే అన్నం గిన్నె మూత తీస్తుంది.

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలి. దుమ్ము ఆపడం ఆ ఖాతాలోకి రాదండీ. అది పర్యావరణ అనుమతిలో షరతు, తప్పనిసరిగా చేయాల్సిన పని. ఈ రెండూ కలిపేసి చూపిస్తేనే నాకు బాధ.

పర్యావరణ అనుమతులపై కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం ఆ ప్రజాభిప్రాయ సేకరణ సభను వీడియో తీయాలి. జనం అడిగినవి, కంపెనీ చెప్పిన జవాబులు తెలుగులోనూ రాయాలి, పంచాయతీ ఆఫీసులో అందరికీ కనబడేలా పెట్టాలి. మా కుర్రాళ్లు ఆ కాగితం నకలు తీసుకుని కాలుష్య నియంత్రణ మండలికి వెళ్లారు. ఇప్పుడు ట్యాంకర్ రోజుకు ఒకసారి వస్తోంది. రెండోసారి కోసం మళ్లీ అర్జీ రాస్తున్నాం.