తెర మీద మూడో కన్ను: వెలుగు సరే, సైన్సు ఎక్కడిది?

మన పౌరాణిక సినిమాల్లో దేవుడి తల వెనక చక్రం తిరుగుతూ ఉండేది. అది అట్టముక్కా, బల్బులా అని ఎవరూ ఆరా తీయలేదు. కనుమనాడు కోనసీమలో జగ్గన్నతోట తీర్థం చూసినవాళ్లకి ఇది కొత్త సంగతేం కాదు. వెదురుతో కట్టి, రంగురంగుల గుడ్డలు చుట్టిన ప్రభల్ని భుజాలకెత్తుకుని, పచ్చటి వరిచేల మీదుగా, కౌశిక ఏటి నీళ్లలోకి దిగి మరీ 11 మంది రుద్రుల్ని ఒక్కచోటికి చేరుస్తారు. చేను తొక్కారని రైతు కూడా కోప్పడడు. స్వామి వెనకున్న ఆ ప్రభను ఊరివాళ్లే కట్టారని అందరికీ తెలుసు. అయినా దండం పెడతారు.

నా పేచీ ఆ వెలుగుతో కాదు, ఇప్పటి సినిమాలు చూపించే ‘ఆరా’తో, అంటే మనిషి చుట్టూ ఉంటుందనే రంగుల వలయంతో. హీరో కళ్లు మూసి తెరుస్తాడు. ఒకడి చుట్టూ ఎర్రటి పొగ, ఇంకొకరి చుట్టూ నీలం. పక్కనే ఒక డాక్టరు పాత్ర నిలబడి ఇదంతా సైన్సేనంటుంది. ఎర్రపొగవాడు విలన్ అని తేలిపోయాక సాక్ష్యం అక్కర్లేదు, అనుమానం అక్కర్లేదు. రాసేవాడికి ఇంతకన్నా సుఖం ఏముంటుంది? దర్శకుడు ముందే ఇచ్చేసిన తీర్పుకి గ్రాఫిక్స్‌లో రంగు పూస్తున్నారంతే.

1957 నాటి ‘మాయాబజార్’లో ప్రియదర్శిని పెట్టె ఇంతకన్నా ఎంతో తెలివైనది. శశిరేఖ చూస్తే అభిమన్యుడు, బలరాముడు చూస్తే దుర్యోధనుడు, రేవతి చూస్తే నగలు. ఆ పెట్టె చూసేవాళ్లనే పట్టిస్తుంది.

సైన్సు అనే మాట ఎక్కువగా కిర్లియాన్ ఫొటోల పుణ్యం. 1939లో సోవియట్ యూనియన్‌లోని క్రాస్నొడార్‌లో సెమ్యోన్ కిర్లియాన్, ఆయన భార్య వలెంతీనా ఎక్కువ వోల్టేజీ కరెంటుతో ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. వేలి చుట్టూ, ఆకు చుట్టూ వెలుగు అంచు కట్టింది. అది ఆత్మశక్తి కాదు, కరెంటు ధాటికి గాలి మెరవడం. చెమట, తేమ మారితే ఆ మెరుపూ మారుతుంది. నాణెం పెట్టినా వస్తుంది, మరి నాణేనికి ఏ ఆత్మశక్తి ఉందనుకోవాలి? ‘ఆరా ఫొటో’ మిషన్లలో అరచేతులు ఆనించే పలకలు కొలిచేది చర్మం మీది విద్యుత్తును. ఏ కొలతకి ఏ రంగో సాఫ్ట్‌వేర్ రాసినవాడి ఇష్టం. కోపానికో రంగు, భక్తికో రంగు అంటూ థియోసాఫికల్ సొసైటీకి (దివ్యజ్ఞాన సమాజానికి) చెందిన లెడ్‌బీటర్ 1902లోనే బొమ్మలతో పుస్తకం వేశాడు.

అలాగని రంగులు కనిపిస్తాయనేవాళ్లంతా అబద్ధాలకోరులు కారు. మైగ్రేన్ వచ్చే ముందు కొందరికి వంకర గీతలు మెరుస్తాయి. ఇష్టమైన మనుషుల్నో, పేర్లనో తలుచుకుంటే రంగులు కనిపించే ఒక మహిళ గురించి జేమీ వార్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2004లో రాశారు. ఆ రంగు పుట్టేది చూసేవాళ్ల మెదడులోనే. మళ్లీ ప్రియదర్శిని పెట్టే!

మూడో కన్ను గోల ఇంకా పెద్దది. శివుడు అది తెరిచి మన్మథుణ్ణి బూడిద చేశాడు, చీట్లు చదవలేదు. ఇప్పుడు దాని పేరు చెప్పి, మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ (మెదడు మధ్యభాగాన్ని మేల్కొలపడం) అని కూడా పిలిచి, కళ్లు మూసుకునే చదివేస్తారంటూ పిల్లలకి క్లాసులు పెడుతున్నారు. గంతలు కట్టుకున్న పిల్లాడు చేతిలోని కార్డుల రంగులు చెప్తుంటే అమ్మానాన్నలు వీడియో తీసుకుంటారు. కాస్త దగ్గర్నుంచి చూడండి. గడ్డం పైకి లేస్తుంది, కార్డు ఛాతీ దగ్గరికి దిగుతుంది. ముక్కు పక్కన సన్నటి సందు ఉంటుంది, చూపు అందులోంచే. పిల్లాణ్ణి తప్పుపట్టలేం, అందరూ చప్పట్లు కొడుతుంటే వాడు మాత్రం ఏం చేస్తాడు?

నిజంగా మూడో కన్ను ఉన్న జీవి మన కంచెల మీదే తిరుగుతోంది. తొండ! నడినెత్తిన పొలుసు కింద ఉంటుంది. ఆ కంటికి వెలుగు, చీకటి తేడా తెలుస్తుంది, బొమ్మ కట్టదు.

రాజమండ్రిలోనో భీమవరంలోనో ఇలాంటి క్లాసుకి ఫీజు కట్టబోయేవాళ్లు ఒక్కసారి ఆ కార్డుని పిల్లాడి నుదుటికి ఎదురుగా, కాస్త పైకి పట్టుకోమని అడగండి. కన్ను అక్కడే ఉందంటున్నారు కాబట్టి ఇంకా బాగా కనపడాలి కదా.