మెగావాట్లు సరే, ఎన్ని గంటలు?

సౌర విద్యుత్తుపై ప్రకటనలన్నీ మెగావాట్లలోనే వస్తున్నాయి. ఒక్క క్షణంలో ఎంత కరెంటు ఇవ్వగలదో అవి చెబుతాయి, ఎంతసేపు ఇవ్వగలదో చెప్పవు. దక్షిణ ఒడిశాలోని జయపురంలోనో రాయగడలోనో పొద్దుగూకాక దుకాణంలో లైటు వేసుకునే వ్యాపారికి కావాల్సింది గంటల లెక్క.

కొత్త సౌర టెండర్లలో ప్లాంటు సామర్థ్యంలో కనీసం 10 శాతానికి రెండు గంటల నిల్వ జోడించాలని 2025 ఫిబ్రవరిలో కేంద్ర విద్యుత్ శాఖ సూచించింది. అంటే 100 మెగావాట్ల ప్లాంటుకు 10 మెగావాట్లు, రెండు గంటలు: 20 వేల యూనిట్లు. ఎండ బాగా కాస్తే ఆ ప్లాంటు రోజుకు నాలుగైదు లక్షల యూనిట్లు ఇస్తుంది. రాత్రికి దాచుకోగలిగేది నూటికి నాలుగైదే! మొదలుపెట్టడానికి ఇది చాలు, ప్రణాళిక అనిపించుకోవడానికి చాలదు. పైగా కొరాపుట్ కొండల్లో వానాకాలం ముసురు పడితే రెండు గంటల బ్యాటరీ మర్నాటి సాయంత్రానికే చేతులెత్తేస్తుంది.

రోజులూ నెలలూ ఆగగల నిల్వ మన జలాశయాల్లోనే ఉంది. ఇక్కడి జల విద్యుత్ కేంద్రాల్లో బలిమెల 510 మెగావాట్లు, ఎగువ కొలాబ్ 320. ఆంధ్ర, ఒడిశా ఉమ్మడిగా నడిపే మాచ్‌ఖండ్ 1955 నుంచి తిరుగుతోంది. ఎండున్నంతసేపు టర్బైన్లు ఆపి, చీకటి పడ్డాక తిప్పితే కొత్తగా ఏమీ కట్టకుండానే కొంత నిల్వ చేతికొస్తుంది. బలిమెలలో ఇది అంత తేలిక కాదు. అక్కడి నీళ్లు పొట్టేరు సాగు కాలువలకు పోతాయి, రైతు వేళ వేరు. మాచ్‌ఖండ్‌కు ఆ చిక్కు తక్కువ. అది వదిలే నీరు దిగువన బలిమెల జలాశయంలోనే చేరుతుంది. రెండు రాష్ట్రాలూ కూర్చుని వేళలు మార్చుకోవడం ముందు ఇక్కడే మొదలవ్వాలన్నది మా అభిప్రాయం.

ఎగువ ఇంద్రావతి, బలిమెలల్లో పంప్డ్ స్టోరేజ్ (మిగులు కరెంటుతో నీటిని పైకి తోడి, కావాల్సినప్పుడు కిందికి వదిలి కరెంటు తీయడం) ప్రతిపాదనలూ ఉన్నాయి. మంచిదే. కానీ నీటిని పైకి తోడడానికి 100 యూనిట్లు ఖర్చుపెడితే తిరిగొచ్చేది 75 నుంచి 80. మధ్యాహ్నం మిగులు సౌర విద్యుత్తు లేకుండా బొగ్గు కరెంటుతో తోడితే కొండెక్కించింది బొగ్గునే. ఆ మిగులు ఏ నెలలో ఎంత ఉంటుందో చూపకుండా యంత్రాల సామర్థ్యం ఒక్కటే రాస్తే దాన్ని ప్రాజెక్టు నివేదిక అనలేం.

బలిమెల జలాశయం చుట్టుముట్టి బయటి ప్రపంచం నుంచి వేరుచేసిన పల్లెలకు (కటాఫ్ ఏరియా అంటారు) గురుప్రియ వంతెన 2018లో గానీ రాలేదు. అంతవరకూ డ్యాం కరెంటు ఎక్కడెక్కడికో వెళ్లింది, వాళ్లకు మాత్రం పడవే దారి. కొత్త ప్రాజెక్టుకు అనుమతి ఇచ్చే ముందే చుట్టుపక్కల పల్లెల లైన్లు, సబ్‌స్టేషన్ల ఖర్చు అందులో చేర్చాలి. ఏ గంటకు ఎంత కరెంటు, ఎవరి భూమి ఎంత పోతుంది అన్న వివరాలను ఒడియాతో పాటు తెలుగులోనూ, ఆదివాసీ భాషల్లోనూ గ్రామసభల ముందు పెట్టాలి.