పదిహేను నెలలకే అయిదు ప్లస్

అన్నప్రాశన నాడే ఆవకాయ పెట్టకూడదని పెద్దలు ఎందుకన్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ రోజుల్లో ఇంత పోటీ లేదు కాబట్టి అని ఉంటారు. మా వాడికి ఆరో నెలలో అన్నప్రాశన చేసినప్పుడు చాప మీద పుస్తకం, పెన్ను, బంగారు గొలుసు, పది రూపాయల బిళ్ళ వరసగా పెట్టి వాణ్ణి వదిలాం. పాకడం ఇంకా రాలేదు. పొట్ట మీద జరుగుతూ జరుగుతూ వెళ్ళి పెన్ను పట్టుకున్నాడు. "కలెక్టరే!" అని మా మేనత్త కేకేసింది. ఫొటోల హడావిడిలో పెన్ను మూత ఊడి వాడి నోట్లో ఉండిపోయిన సంగతి ఎవరూ గమనించలేదు. మా అమ్మ గమనించింది. వేలు పెట్టి మూత బయటికి లాగి, కొంగుతో తుడిచి, "కలెక్టరు గారికి పళ్ళొస్తున్నాయిరా" అంది.

ఇలాంటి నిరుత్సాహపు మాటల మధ్య బిడ్డను పెంచుకొస్తున్న తండ్రిని నేను. వయసుకు తగ్గ బొమ్మలు, వయసుకు తగ్గ పుస్తకాలు అంటూ ఈమధ్య ఎక్కడ చూసినా మొదలైన ప్రచారం మీద నా అభ్యంతరాలు నలుగురి ముందూ పెట్టడం బాధ్యతగా భావిస్తున్నాను.

అసలు మేం మొదలుపెట్టిందే ఆలస్యం. మోజార్ట్ సంగీతం వింటే బిడ్డకు తెలివి పెరుగుతుందంటారు కదా, మా ఆవిడకు అయిదో నెల వచ్చాక గానీ పొట్టకు హెడ్‌ఫోన్లు పెట్టి అది వినిపించలేదు. సుభద్ర కడుపులో ఉండగానే అభిమన్యుడు పద్మవ్యూహం విన్న దేశం మనది. అమెరికాలోనూ తెలివైనవాళ్ళు లేకపోలేదు. జార్జియా రాష్ట్రంలో పుట్టే ప్రతి బిడ్డకూ శాస్త్రీయ సంగీతం ఇవ్వాలని అక్కడి గవర్నరు 1998లో బడ్జెట్టులో లక్షా అయిదు వేల డాలర్లు అడిగాడు. తీరా తవ్వి చూస్తే, దీనికంతటికీ మూలమైన 1993 నాటి ప్రయోగం 36 మంది కాలేజీ విద్యార్థుల మీద చేసిందట. మోజార్ట్ విన్నాక ఆకారాలు, మడతల లెక్కలు పది పదిహేను నిమిషాల సేపు కాస్త మెరుగ్గా చేశారట. అంతే. పసిపిల్లలే అందులో లేరు, ఇక కడుపులో ఉన్నవాళ్ళ మాటెందుకు! ఈ సంగతి నాకు తొమ్మిదో నెలలో తెలిసి, పాఠం మధ్యలో ఆపేశాను. తప్పు చేశాను. అభిమన్యుడికి జరిగిందే జరిగింది. బయటికి వచ్చే దారి తెలియక మా వాడికి సిజేరియన్ చేయాల్సి వచ్చింది.

ఇక బొమ్మల కొట్టు. గుంటూరులో ఏ కొట్టుకు వెళ్ళినా కుర్రాడు అడిగే మొదటి ప్రశ్న "బాబుకి ఎన్నేళ్ళు సార్?" అని. వయసు కాదయ్యా అడగాల్సింది, లెవెల్ అడుగు, అంటాను నేను. మా వాడి వయసు అప్పటికి పదిహేను నెలలు. ఆ లెక్కన వాడికి రావాల్సినవి తోసుకుంటూ నడిచే బండి, ఒకదాని మీద ఒకటి పెట్టే చెక్క దిమ్మలు. మా మూడో అంతస్తు వాళ్ళ పాప రెండేళ్ళకే ముప్ఫై దేశాల రాజధానులు చెబుతుంటే, నేను చెక్క దిమ్మలు పట్టుకుని లిఫ్టు ఎక్కాలా? పైగా లిఫ్టులో ఆ పాప తండ్రి ఎదురైతే?

డబ్బాల మీద వయసు రాసి ఉంటుంది. అది రైలు టికెట్టు లాంటిదని, ఎంత పెద్ద అంకె ఉంటే అంత పై క్లాసని నేను ముందే కనిపెట్టాను. 3+ అంటే సెకండ్ స్లీపర్. 5+ అంటే ఏసీ. కొన్ని డబ్బాల మీద గుండ్రంలో 0-3 అని రాసి, ఏడుపు మొహం పిల్లాడి బొమ్మ వేసి, దాని మీద అడ్డగీత కొట్టి ఉంటుంది. మూడేళ్ళలోపు పిల్లలు ఏడవరని కంపెనీ ఇచ్చే గ్యారంటీ కాబోలనుకున్నాను. అలాంటి గ్యారంటీ ఉన్న పూసల కిట్ ఒకటి, 5+ది, వెయ్యీ రెండు వందలు పెట్టి తెచ్చాను. చేతివేళ్ళ నైపుణ్యం, రంగుల జ్ఞానం, సహనం, ఇంకా నాలుగు గుణాలు వస్తాయని డబ్బా వెనక రాసి ఉంది.

మొదటి రోజే ఫలితం కనిపించింది. నేను దారం ఎక్కించి చూపిస్తున్నాను. వాడు బొటనవేలు, చూపుడువేలు కలిపి మిరియమంత ఎర్రపూస ఎంతో పొందిగ్గా ఎత్తాడు. ఆ పట్టు చూసి మురిసిపోయి మా ఆవిణ్ణి పిలిచాను. ఆవిడ వచ్చేసరికి పూస లేదు. నోరు తెరిపించాం, లేదు. పిడికిలి విప్పాం, లేదు. కాసేపటికి వాడు కుడి ముక్కులోంచి ఈల వేయడం మొదలుపెట్టాడు.

పిల్లల డాక్టరు గారు టార్చి వేసి చూసి, పరికరాలేవీ తీయలేదు. మా ఆవిణ్ణి కూర్చోబెట్టి, రెండో ముక్కు వేలితో మూయించి, వాడి నోటికి నోరు ఆనించి ఒక్కసారి గట్టిగా ఊదమన్నారు. ఊదింది. ఎర్రపూస ఠప్పున వచ్చి నా చొక్కా జేబు మీద పడింది, జలుబుతో సహా.

"డబ్బా మీద వయసు చూడలేదా అండీ?" అన్నారు డాక్టరు గారు.

"చూసే కొన్నానండీ. మా వాడు వయసుకు మించి ముందున్నాడు."

"తెలివి ముందుంటే ఉండనీయండి. ముక్కు మాత్రం పదిహేను నెలలదే."

ఆ తర్వాత ఆయన చెప్పింది వింటే ఎవరికైనా మనసు విరిగిపోతుంది. డబ్బా మీది 3+కి, తెలివికి చాలాసార్లు సంబంధమే ఉండదట. బొమ్మలను పరీక్షించే చోట 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టం ఒకటి ఉంటుందట. బొమ్మగానీ, దాన్నుంచి ఊడే ముక్కగానీ నొక్కకుండా అందులో పూర్తిగా పట్టేస్తే, అది మూడేళ్ళలోపు వాళ్ళకు ఇవ్వకూడదట. ఎందుకంటే ఆ వయసులో చేతికొచ్చింది నోటికి పోతుంది, గొంతుకు అడ్డం పడుతుంది. అంటే ఇన్నాళ్ళూ నేను ర్యాంకు అనుకున్నది గొంతు కొలత! గొంతుకు కోచింగ్ ఇచ్చే సెంటరు గుంటూరులో కూడా లేదు. ఇంటికొచ్చి పది రూపాయల బిళ్ళ కొలిచాను. 27 మిల్లీమీటర్లు. అన్నప్రాశన చాప గుర్తొచ్చింది. చాలా బాల్ పెన్నుల మూత కొసన చిన్న చిల్లు ఉంటుంది చూశారా, అది సిరా ఆరకుండా పెట్టింది కాదట. మూత గొంతులో ఇరుక్కుంటే గాలి ఆడటానికట. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. తెల్లారాక మళ్ళీ ధైర్యం వచ్చింది.

బొమ్మలు కుదరకపోతే పుస్తకాలు. లక్షణమైన ఎన్‌సైక్లోపీడియా తెచ్చాను, రెండున్నర కిలోలు. వాడు డైనోసార్ల పేజీ వరకూ తిన్నాడు. జెండాల ఫ్లాష్ కార్డులు చూపిస్తే జపాన్ జెండా దగ్గర మాత్రం "బాల్!" అని అరిచాడు. మూడో అంతస్తు వాళ్ళకు ఈ సంగతి చెప్పలేదు. వాడికి నచ్చిన సాహిత్యం ఏదంటే, చెప్పడానికి సిగ్గుగా ఉంది, శుభలేఖలు. మా అమ్మ పాత పెళ్ళి కార్డులు ఓ ఎనిమిది తీసి, రంధ్రాలు పొడిచి, దారంతో కుట్టి ఇచ్చింది. దళసరి అట్ట, నోట్లో పెట్టుకున్నా చిరగదు. పేజీకో వినాయకుడు, అరటిచెట్టు, ఏనుగు. ఆమె ఒళ్ళో కూర్చుని, ఏనుగు తొండం మీద వేలు పెట్టి చూస్తాడు. "ఏనుగమ్మ ఏం చేస్తోందిరా?" అంటుంది. వాడు ఏదో అంటాడు. "అవునా! తర్వాత?" అంటుంది, నిజంగానే అర్థమైనట్టు. అయిపోగానే మళ్ళీ మొదటి నుంచి. రోజుకు ఇరవైసార్లు అదే ఎనిమిది పేజీలు. సిలబస్ ఎప్పుడు ముందుకు కదులుతుందో తెలియదు. ఏనుగు అనే మాట మాత్రం వచ్చేసింది, అదీ తెలుగులో.

వంటింట్లో ఇంకా అన్యాయం. నేను తెచ్చిన ఇంపోర్టెడ్ గిన్నెల సెట్టు, ఒకదానిలో ఒకటి పట్టేది, అటక మీద ఉంది. వాడు పోపుల పెట్టెలోని ఖాళీ గిన్నెలు ముందేసుకుని పెద్దదాన్ని చిన్నదాంట్లో దూర్చాలని ప్రయత్నిస్తుంటాడు. దూరదు. ఆలోచిస్తాడు. విసుగొస్తే కుర్చీలోంచి గరిటె కింద పడేస్తాడు. మా అమ్మ తీసిస్తుంది. మళ్ళీ పడేస్తాడు. న్యూటన్ ఒక్క ఆపిల్‌తో తేల్చుకున్న దానికి వీడికి పూటకు నలభై గరిటెలు కావాలి.

అనకాపల్లి నుంచి వచ్చిన మిత్రుడు ఒకడు ఏటికొప్పాక లక్క బండి తెచ్చిచ్చాడు. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రతో చేసి, ఆకులూ విత్తనాల రంగులు లక్కలో కలిపి పూస్తారని, 2017లో జీఐ, అంటే ఈ ఊరి సరుకేనని చెప్పే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిందని గొప్పగా చెప్పాడు. తిప్పి చూశాను. బ్యాటరీ లేదు. నొక్కితే ఏబీసీడీ పాడదు. ఇదేం బొమ్మ, ఒక్క ముక్కా మాట్లాడదు, మాటలన్నీ పిల్లవాడే చెప్పుకోవాలి! వాడు దాన్ని తాడుతో ఇల్లంతా లాగుతూ గంటసేపు "డుర్రు" అంటున్నాడు. ఇదే మిత్రుడు చిట్టి చిట్టి లక్క పిడతలు కూడా తెచ్చాడు గానీ, వాటిని మాత్రం మా ఆవిడ డబ్బా విప్పకుండానే బీరువాలో పెట్టి తాళం వేసింది. పూస దెబ్బ.

ఫోను విషయంలో ఒక్కదాంట్లోనే మా ఇంట్లో అందరిదీ ఒకే మాట. రెండేళ్ళు నిండేదాకా తెర వద్దనీ, తర్వాత కూడా నాలుగేళ్ళ దాకా రోజుకు గంటకు మించొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మరి మూడు పూటలా వాడికి అన్నం ఎవరు తినిపిస్తారు, ప్రపంచ ఆరోగ్య సంస్థా?

బడి మీద కొంత ఆశ ఉంది. బడి పుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళయితే 2023లో 'జాదుయీ పిటారా', అంటే మాయా పెట్టె, అని మూడు నుంచి ఎనిమిదేళ్ళ వాళ్ళకు బొమ్మలు, పజిళ్ళు, కథల పుస్తకాలు నింపిన పెట్టె విడుదల చేశారు. చదువు పెట్టెలో బొమ్మలా! మా వీధి ప్లేస్కూలు నయం. పేరులో తప్ప ప్లే ఎక్కడా లేదు. మూడేళ్ళవాడికి ఏడు నోటు పుస్తకాలు, హోంవర్కు డైరీ. సీటుకు ఇప్పుడే అడ్వాన్స్ కట్టాను.

వచ్చే నెల మా రెండోదాని అన్నప్రాశన. ఈసారి అనుభవం ఉంది. పెన్ను తీసేశాం, రూపాయి బిళ్ళ తీసేశాం. చాప మీద ఒక్క స్టెతస్కోపే పెడుతున్నాం, ఎటు పాకినా అదే దొరికేలా. 31.7 మిల్లీమీటర్ల గొట్టంలో అది పట్టదు. పీవీసీ పైపు ముక్క కోసి కొలిచాను.