ఏ అంబులెన్స్ వస్తుందో మన చేతుల్లో ఉందా?

అర్ధరాత్రి మా బాబుకి ఊపిరాడలేదు. ఆస్తమా. ఇక్కడ అమెరికాలో ఎమర్జెన్సీ నంబర్ 911కి ఫోన్ చేస్తే అంబులెన్స్ వెంటనే వచ్చింది, ఆక్సిజన్ పెట్టి తీసుకెళ్లారు. ఆ మేలు మరవలేను. తెల్లారేసరికి వాడు తేరుకున్నాడు.

ఆరు వారాలకు బిల్లు వచ్చింది. హాస్పిటల్ మా ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో, అంటే ఆ ఇన్సూరెన్స్‌తో ఒప్పందం ఉన్నవాటిలో ఉందట, అంబులెన్స్ మాత్రం అందులో లేదట. ఇన్సూరెన్స్ వాళ్లు ఇచ్చింది పోగా మేం కట్టాల్సింది 1,140 డాలర్లు.

పిల్లాడి పెదాలు నీలంగా మారుతుంటే ఏ తల్లయినా "మీది ఏ నెట్‌వర్క్?" అని అడుగుతుందా? అడిగినా ఏం లాభం? 911కి ఫోన్ చేశాక ఏ బండి వస్తుందో ఎంచుకునే వీలే లేదు.

ఇలాంటి బిల్లులు ఆపడానికే 2022 జనవరి 1న నో సర్‌ప్రైజెస్ చట్టం అమల్లోకి వచ్చింది. ఎమర్జెన్సీ రూమ్‌కి వర్తిస్తుంది, హెలికాప్టర్ అంబులెన్స్‌కీ వర్తిస్తుంది. రోడ్డు మీద వెళ్లే అంబులెన్స్‌ను మాత్రం వదిలేశారు. మామూలు జనం ఎక్కేది దాన్నే కదా! కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాలు సొంతంగా చట్టం చేశాయి, నిజమే. కానీ మాలాగా ఉద్యోగం ఇచ్చిన కంపెనీయే వైద్య ఖర్చులు భరించే ప్లాన్ ఉన్నవాళ్లను ఆ చట్టాలు సాధారణంగా కాపాడవు. ఈ సంగతి నాలుగు ఫోన్ కాల్స్ తర్వాత గానీ ఎవరూ చెప్పలేదు.

మొన్న రాత్రి బాబుకి మళ్లీ ఆయాసం మొదలైంది. మా ఆయన ఫోన్ తీయలేదు, కారు తాళాలు తీశారు. నేను వద్దనలేకపోయాను. వెనక సీట్లో వాణ్ణి ఒళ్లో పెట్టుకుని, దారి పొడవునా వాడి ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాను.