గడ్డాలయ్య మూడ్

పర్లాకిమిడిలో మాలాంటి తెలుగువాళ్ళ ఇళ్ళలో తెలుగు పంచాంగం ఒక మేకుకి, ఒడియా పంజి ఇంకో మేకుకి వేలాడుతుంటాయి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఊరు అటు వెళ్ళింది గానీ మా ముహూర్తాలు ఇటే ఉండిపోయాయి. రెండింటికీ పొత్తు కుదరని రోజున మా అమ్మ తనకి నచ్చిన మాట చెప్పినదాన్ని తీసుకుంటుంది. ఆ రెండూ కలిసి చేతులెత్తేసింది మాత్రం ఒక్క గడ్డాలయ్య విషయంలోనే.

గడ్డాలయ్య అంటే మా మేనల్లుడు పెంచుకునే బేర్డెడ్ డ్రాగన్ అనే బల్లి. పుట్టుక ఎక్కడైనా వంశం ఆస్ట్రేలియా ఎండు భూములది. తోకతో కలిపి మూర పైనే ఉంటుంది, గొంతు కింద ముళ్ళముళ్ళుగా గడ్డం. బెంగళూరులో ఉద్యోగం చేసే మా వాణ్ణి కంపెనీ ఫారిన్ పంపింది. వాడు పోతూ పోతూ దీన్ని గాజు పెట్టెతో సహా మా హాల్లో దింపిపోయాడు. మా అమ్మాయిని మేనరికం ఇవ్వాలని అమ్మకి ఎప్పటినుంచో ఆశ. "పిల్లనిద్దామనుకుంటే వీడు బల్లినిచ్చి పోయాడేంట్రా!" అని కొన్నాళ్ళు మొహం ముడుచుకునే ఉంది.

ఎలా చూసుకోవాలో వాడు కాగితం మీద రాసిచ్చాడు. పెట్టెలో దీపం కింద 40 డిగ్రీలకి అటూ ఇటూ వేడి ఉండాలి, రెండో చివర 25 నుంచి 28 డిగ్రీల చల్లదనం ఉండాలి. యూవీబీ లైటు పగలంతా వెలగాలి, లేకపోతే డి విటమిన్ తయారుకాక, కాల్షియం ఒంటపట్టక ఎముకలు మెత్తబడతాయి. మునగాకు పెట్టొచ్చు, పాలకూర వద్దు. మిణుగురు పురుగులు పొరపాటున కూడా పెట్టొద్దు, అవి విషం. అమ్మ అన్నిటికీ సరేనంది గానీ డిగ్రీల దగ్గర అడ్డం తిరిగింది. "వైశాఖంలో ఇల్లంతా కుంపటే, మళ్ళీ దీనికి బల్బొకటా? మనకెవరైనా చల్లటి చివర ఏర్పాటు చేశారా?" అంది. న్యాయమైన ప్రశ్నే. కరెంటు బిల్లు చూశాక నాకూ అదే అనిపించింది.

మొదటి గండం తొందరగానే వచ్చింది. దీపం కింద పడుకుని గడ్డాలయ్య నోరు బార్లా తెరిచాడు. ఒంట్లో వేడి ఎక్కువైతే ఆ జాతి అలాగే నోరు తెరిచి బయటికి వదులుతుంది, ఏ జబ్బూ కాదు. అమ్మకి మాత్రం ఆ నోరు చూడగానే ఆఖరి ఘడియలు కనిపించాయి. పరుగున వెళ్ళి పంచపాత్ర, ఉద్ధరిణి పట్టుకొచ్చి, "నారాయణ, నారాయణ" అంటూ తులసి తీర్థం పోయబోయింది. "మామ్మా, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయే!" అని మా అమ్మాయి చెయ్యి పట్టుకుంది. ఆ తీర్థం చివరికి నేను తాగాను, పారబొయ్యకూడదు కదా.

తర్వాత తిండి మానేశాడు, పొట్ట మీద నల్లటి గీతలు తేలాయి. కొత్త చోటికి వస్తే అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుందట. "కొత్త కోడలు మాత్రం వచ్చిన రోజే కడుపునిండా తింటుందా?" అని అమ్మ దీన్ని మాత్రం సులువుగానే అర్థం చేసుకుంది.

అర్థం కానిది మా వీధికి. చూడ్డానికి వచ్చినవాళ్ళు వచ్చినట్టు గాజు మీద టకటకా కొట్టేవారు. గడ్డాలయ్య ముందుకాలు ఒకటెత్తి నెమ్మదిగా గుండ్రంగా తిప్పేవాడు. "నమస్కారం పెడుతున్నాడు!" అని పక్కింటి మౌసీ మురిసిపోయింది. పిల్లలు టాటా చెప్పారు. నిజానికి ఆ జాతిలో చెయ్యూపితే "నేను చిన్నవాణ్ణి బాబూ, నన్నొదిలెయ్యండి" అని అర్థం. ఎదురుగా ఉన్న బీరువా అద్దంలో మాత్రం ఇంకో మొగాడు కనిపించేవాడు. అతన్ని చూస్తే ధాటిగా తల ఊపేవాడు, గడ్డం బొగ్గులా మారేది. మన తొండా, ఇదీ ఒకే కుటుంబం, అగామిడే. దడి మీద తొండ తల ఊపేది కూడా ఇలాంటి దబాయింపుకే. "తొండ ముదిరి ఊసరవెల్లి అవుతుందంటే నమ్మలేదురా," అంది అమ్మ. అద్దానికి దుప్పటి కప్పాం.

అలాంటి రోజుల్లో బరంపురం నుంచి పెళ్ళివారు దిగారు. అబ్బాయి తండ్రికి పిల్లకన్నా ముందు బల్లిని చూడాలని సరదా పుట్టింది. తలుపు తీయించి, పైనుంచి వంగి చూశారు. వీటి నడినెత్తిన వెలుగునీడలు పసిగట్టే మూడో కన్నులాంటిది ఉంటుంది. మీద నీడ పడిందంటే గద్ద దిగినట్టే లెక్క. గడ్డాలయ్య ఒళ్ళు బల్లపరుపుగా పరిచి, గడ్డం ఉబ్బించి, కారునలుపుకి తిప్పి నోరు తెరిచాడు. పెద్దాయన వెనక్కి వెనక్కి నడిచి, టీపాయ్ మీది ఛెనాపోడా మిఠాయి పళ్ళెంలో కూర్చున్నారు.

ఈ సందులో గడ్డాలయ్య బయటపడ్డాడు. ఎత్తైన చోటు కోసం వెతికితే దగ్గర్లో దొరికింది అబ్బాయి తల్లిగారే. బరంపురం పట్టుచీర కుచ్చిళ్ళు పట్టుకుని, గోళ్ళతో జరీ పోగులు లాగుతూ భుజం దాకా ఎక్కి అక్కడ స్థిరపడ్డాడు.

"అమ్మాయీ, ఇది కరుస్తుందా?" అన్నారావిడ పెదాలు కదలకుండా.

"లేదాంటీ, మీరు కదలకండి. అది చాలా టెన్షన్‌లో ఉంది."

"మరి నేను?"

అబ్బాయి లేచాడు. పైనుంచి కాకుండా పక్కనుంచి చెయ్యి పోనిచ్చి, పొట్ట కింద అరచెయ్యి పెట్టి మెల్లగా తీసుకున్నాడు. మా అమ్మాయి అప్పుడే మొదటిసారి తలెత్తి అతని మొహం చూసింది.

ఇక శకునం చర్చ మొదలైంది. బల్లి పడితే ఒక ఫలం, తొండ ఎక్కితే ఇంకో ఫలం. ఇది పడలేదు, ఎక్కింది, కానీ అందరూ బల్లే అంటున్నారు. పంచాంగం తీశారు, పంజి తీశారు, గడ్డం ఉన్నదాని ప్రస్తావన ఎందులోనూ లేదు. అమ్మ గొంతు సవరించుకుని, "ఆస్ట్రేలియాకి మనకి నాలుగైదు గంటల తేడా. ఇక్కడి దోషం దానికి తగలదు, దాని దోషం మనకి తగలదు," అని తీర్పు చెప్పింది. అబ్బాయి తల్లిగారు పైట సర్దుకుంటూ, "నేను కంచిలో బంగారు బల్లిని ముట్టుకొచ్చాను లెండి, నాకేం కాదు," అన్నారు. వెంటనే మౌసీతో సహా హాల్లో ఉన్నవాళ్ళంతా ఎందుకైనా మంచిదని వరసగా వచ్చి ఆవిడ చెయ్యి ముట్టుకుని వెళ్ళారు.

సంబంధం కుదిరింది. చీర డబ్బులు మేనల్లుడు పంపుతానన్నాడు, ఇంకా పంపలేదు. వియ్యంకుడు మాత్రం ఇప్పుడు మా ఇంటికి బయల్దేరే ముందు ఫోన్ చేసి, "బావగారూ, గడ్డం ఏ రంగులో ఉంది?" అని అడుగుతారు. నల్లగా ఉందంటే "అయితే ఇంకో రోజు వస్తాం లెండి" అంటారు. ఆ ఫోన్లు మా ఆవిడే ఎత్తుతుంది. గడ్డాలయ్య దీపం కింద ఇసుక రంగులో నిశ్చింతగా పడుకుని ఉన్నా, పనిమనిషి రాని రోజున మాత్రం, "కాటుకలా ఉందన్నయ్యగారూ!" అంటుంది.