ఒక్క రూపాయి అంకుల్

నిన్నటి నుంచి లిఫ్ట్ ఎక్కడం లేదు. మాది ఆరో అంతస్తు.

బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్లం ఉగాది భోజనాలు పెట్టుకుంటున్నాం. ఇంటికి 1,500. "నువ్వు సాఫ్ట్‌వేరే కదా, చిన్న ప్రోగ్రామ్ రాసిపడెయ్" అన్నాడు సెక్రటరీ. ఆయనా సాఫ్ట్‌వేరే, కాకపోతే మేనేజరు. రాసిపడేశాను.

పొద్దున్నే ఏడింటికి అది అందరూ ఉన్న గ్రూపులో మెసేజ్ పెట్టింది: "గౌరవనీయులైన అంకుల్ గారూ! మీ నుంచి 1 రూపాయి అందింది. మిగతా 1,499 త్వరగా చెల్లించగలరు." చివర ఒక దండం బొమ్మ. ఆ దండం నా సొంత ఆలోచన. మర్యాదగా ఉంటుందని.

నాలుగో అంతస్తు అంకుల్ బ్యాంకులో రిటైరయ్యారు. కామా లేకుండా వెయ్యి రాయమంటే, గుండీలు పెట్టుకోకుండా వీధిలోకి వెళ్లమన్నట్టు చూస్తారు. అందుకే ఎవరెంత కట్టారో రాసే షీట్‌లో "1,500" అని కొట్టారు. నేను ప్రోగ్రామ్ రాసిన జావాస్క్రిప్ట్ భాషలో పార్స్‌ఇంట్ అని ఒకటుంది, టెక్స్ట్‌ని అంకెగా మార్చేది. ఎడమ నుంచి చదువుతూ పోయి, అంకె కానిది తగిలిన చోట ఆగిపోతుంది. అప్పటిదాకా చదివింది మన చేతిలో పెడుతుంది. 1 చదివింది, కామా తగిలింది, 1 చేతిలో పెట్టింది. అర్థం కాలేదని ఒక్క మాట అనొచ్చు కదా! అనదు. మీటింగులో మొదటి ముక్క విని తలూపే సెక్రటరీ బాపతు. అదే పైథాన్ అనే ఇంకో భాషలో రాసుంటే, వాల్యూ ఎర్రర్ అని అక్కడే అడ్డంగా పడుకునేది. దానికి ౧౫౦౦ అని తెలుగంకెలు ఇచ్చినా చక్కగా 1500 అని తీసుకుంటుంది. తెలుగొచ్చు గానీ కామా గిట్టదు. ఇదంతా లిఫ్ట్‌లో ఆంటీకి చెప్పబోయాను.

"ముప్పై ఏళ్లు జనం డబ్బులు లెక్కపెట్టిన మనిషయ్యా" అన్నారావిడ, నాలుగు వచ్చేదాకా అంకెల వైపే చూస్తూ.

ఆఫీసు మానేసి కామాలు పీకేసే లైను రాశాను. అంకుల్‌కి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. "పర్లేదు బాబూ, నాదే పొరపాటేమో, ఈసారి స్పష్టంగా రాస్తాలే" అన్నారు.

రాశారు. "రూ. 1500/-" అని.

మొదటి అక్షరమే అంకె కాదు. పార్స్‌ఇంట్ దాన్ని అంకె కాదని తేల్చింది, ఆ ఒక్కటీ కలిసేసరికి నలభై ఇళ్ల మొత్తం కూడా అంకె కాకుండా పోయింది. మొత్తం వసూలు అన్న చోట మూడు ఇంగ్లీషు అక్షరాలు మిగిలాయి: NaN. నాట్ ఎ నంబర్ అని.

గ్రూపులో ముందు చూసింది అంకులే.

"ఉగాది భోజనంలో నాన్ ఏమిటి బాబూ? పులిహోర అన్నారుగా?"